రాజ్‌పుత్ నౌకయు దాని తోబుట్టువులును

విశాఖపట్టణపు కడలియొడ్డున సాయంసమయమున షికారు వచ్చువారు, కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాలయొద్ద కొంతతడవు నిలిచి, వెంటనున్న పిల్లలకు 1971వ సంవత్సరపు యుద్ధకథను చెప్పుచుండగా నేను పలుమారులు వినియున్నాను. ఘాజీ యను పాకిస్తాను జలాంతర్గామి మన రేవు ముంగిట పొంచియుండుట, రాజ్‌పుత్ అను మన యుద్ధనౌక దానిని ముంచుట, తెల్లవారుసరికి జాలరులు నీటిపై తేలుచున్న వస్తువులను ఏరితెచ్చుట, ఈ మూడు ఘట్టములును ఎవరు చెప్పినను తప్పక వచ్చును. అయితే ఆ రాజ్‌పుత్ ఏదియని అడిగినచో, 2021లో ఇదే రేవున సేవావిరమణ పొందిన క్షిపణినౌకయే యని బదులు చెప్పువారే పెక్కురు. అది పొరపాటు. ఘాజీ మునిగిన రాత్రికి ఆ క్షిపణినౌక యింకను పుట్టనేలేదు. ఆనాడు రేవు దాటి వెలికేగినది వేరొక రాజ్‌పుత్. అది క్లైడ్ నదీతీరమున పుట్టి, మన దేశమునకు సెకండుహాండు సరకుగా వచ్చి, ఆ డిసెంబరు నాటికి తుక్కుగా పోవుటకు సిద్ధముగానున్న ముసలి నౌక. దాని చరిత్రయు, దానితో ఒకే నమూనాపై పుట్టిన తక్కిన యేడు నౌకల చరిత్రయు చెప్పుటకే ఈ వ్యాసము.

డిస్ట్రాయర్ అను పేరునకు మన పత్రికలవారు విధ్వంసక నౌక యని తెలుగుచేసిరి. పేరు వినుటకు భయంకరముగా నున్నను, ఆ జాతి నౌకల నిత్యకృత్యము విధ్వంసము కాదు, కావలి. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దమున, పెద్ద నౌకలమీదికి టార్పెడోలు విసరి పారిపోవు చిన్న పడవలను తరిమికొట్టుటకై ఇవి పుట్టినవి. టార్పెడో పడవలు పోయి జలాంతర్గాములు వచ్చిన పిమ్మట, సరకునౌకల బారులకును విమానవాహక నౌకలకును చుట్టు తిరుగుచు, మందను కాచు కుక్కవలె సముద్రమును వాసన చూచుచు పోవుటయే వీని వృత్తియైనది. మంద క్షేమముగా ఇల్లుచేరిన దినమున కుక్కను తలచువారుండరు. ఈ యెనిమిదింటి సంగతియు చాలవరకు అట్టిదే.

1940లో బ్రిటిషు ప్రభుత్వము అత్యవసర నిర్మాణ ప్రణాళిక క్రింద వీనిని కట్టుటకు ఉత్తరువిచ్చినది. వారి యాచారము ప్రకారము ఒక తరగతి నౌకలకెల్ల ఒకే అక్షరముతో మొదలగు పేర్లు పెట్టుదురు. వీనికి ‘ఆర్’ అను అక్షరము వచ్చినది. దళనాయక నౌక రోథర్‌హామ్. అది యార్క్‌షైరులోని ఒక ఊరిపేరు. తక్కినవి రేస్‌హార్స్, రైడర్, రాపిడ్, రిడౌట్, రిలెంట్‌లెస్, రాకెట్, రోబక్. పందెపు గుఱ్ఱము, దాడికాడు, వేగవతి, కోటబురుజు, కనికరములేనిది, తారాజువ్వ, మగదుప్పి: అర్థములు చూచినచో ఇది నౌకలపట్టికో, సంతలోని బొమ్మల అంగడియో తెలియదు. వీనిలో నాలుగింటిని క్లైడ్‌బ్యాంకులోని జాన్ బ్రౌన్ వారును, రెంటిని బర్కెన్‌హెడ్‌లోని కామెల్ లైర్డ్ వారును, రెంటిని గ్రీనక్‌లోని స్కాట్స్ వారును నిర్మించిరి.

అత్యవసరమను మాట ఆ నౌకల అంగాంగమునను కనబడును. పొడవు 358 అడుగులు, వెడల్పు 36 అడుగులకు కొంచెము లోపు, బరువు 1,705 టన్నులు, యంత్రబలము 40,000 అశ్వశక్తి, వేగము 36 నాట్లు. ఇంతవరకు చూచినచో మంచి నౌకయే. ఫిరంగులకు వచ్చునప్పటికి మాత్రము, క్రొత్తవి తయారగువరకు ఆగుటకు తీరిక లేకపోవుటచే, 4.7 అంగుళముల పాతరకము ఫిరంగులను నాలుగింటిని అమర్చిరి. వాని మూతులు ఆకసమువంక 40 డిగ్రీలకు మించి లేవవు. నెత్తిమీదికి వచ్చిన విమానమును చూచి ఆ ఫిరంగులు చేయగలిగినది లేదు. ఆ పని చిన్న తుపాకులది. టార్పెడోలు విసరు గొట్టములు ఎనిమిది, వెనుకభాగమున జలాంతర్గాములపై విడుచు డెప్త్ ఛార్జీలు. ఇంత తొందరలోను వారొక మంచి మార్పు చేసిరి. పూర్వపు నౌకలలో అధికారుల గదులు వెనుకకొసన నుండెడివి. తుపాను వేళ అలలు పైనుండి పొరలుచుండగా వెనుకనుండి ముందరి వంతెనకు నడచి పోవుట ప్రాణాంతకమగుటచే, ఈ తరగతిలో ఆ గదులను నడుమకు తెచ్చిరి. తరతరాల ఆచారమును అట్లాంటిక్ సముద్రము రెండు శీతకాలములలో మాన్పించినది.

1942వ సంవత్సరము మార్చి నెలలో రోథర్‌హామ్ నీట దిగినది. ఆ వేసవిలోగా మరి మూడు నాలుగు దాని వెంట దిగినవి. ఇక్కడ తెలుగు పాఠకుడు ఒకటి జ్ఞప్తికి తెచ్చుకొనదగును: అదే యేడు ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. బంగాళాఖాతములో వర్తకనౌకలు దిక్కుమాలి మునిగిపోయినవి. బ్రిటిషు తూర్పు నౌకాదళము ఆఫ్రికాతీరము దాక వెనుకకు తగ్గినది. విశాఖవాసులు మూటాముల్లె సర్దుకొని పల్లెలకు పరుగులిడిన ఆ దినములలో స్కాట్లండున మేకులు కొట్టించుకొనుచున్న నౌకలలో ఒకటి, ముప్పది యేండ్లకు తమ రేవును కాయవచ్చునని ఎవరికి తట్టును?

ఈ నౌకల యుద్ధజీవితములో సారవంతమైన భాగము హిందూమహాసముద్రముననే గడచినది. 1943 చివరనుండి పెనాంగు రేవు ఆధారముగా జర్మను జలాంతర్గాములు అరేబియా సముద్రమున సంచరించుచు సరకునౌకలను ముంచుచుండెడివి. వానికి నడిసముద్రమున నూనె పోయుటకై రెండు ట్యాంకరు నౌకలు రహస్యముగా తిరుగుచుండెను. 1944 ఫిబ్రవరి 12వ తేదీన మారిషస్ ద్వీపమునకు తూర్పున రిలెంట్‌లెస్ షార్లెట్ ష్లీమన్ అను ట్యాంకరును పట్టుకొని ముంచినది. సరిగా నెల తిరుగునప్పటికి, మార్చి 12న, రోబక్ రెండవదియగు బ్రాకెను ముంచినది. ఈ రెండు చిన్న సంఘటనలతో జర్మను జలాంతర్గాముల ఆట కట్టెననిన అతిశయోక్తి యగును గాని, బావి పూడ్చిన పిమ్మట బాటసారుల సంఖ్య తగ్గుట సహజమే గదా! ఆ పిమ్మట సబాంగు, సురబయ రేవులపై తూర్పు నౌకాదళము దండెత్తినప్పుడు ఈ తరగతి నౌకలు పెద్ద నౌకలకు కావలి కాచినవి. 1945 మార్చిలో పోర్ట్‌బ్లెయిర్ తీరమున జపాను ఫిరంగుల దెబ్బకు రాపిడ్ గాయపడినది. ఆ సెప్టెంబరులో సింగపూరు నౌకాస్థావరమున జపానువారి లొంగుబాటును స్వీకరించినది రోథర్‌హామ్. ఆ స్థావరపు ప్రధాన ద్వారమునకు రోథర్‌హామ్ గేటు అను పేరు వచ్చినది ఆ కారణముచేతనే.

యుద్ధాంతమునకు ఎనిమిదింటిలో ఎనిమిదియు తేలుచుండెను. డిస్ట్రాయర్లు పదులకొలది మునిగిన ఆ యుద్ధమున ఒక తరగతి యావత్తును క్షేమముగా తిరిగివచ్చుట అరుదు. అయితే నౌకకు శత్రువొకడే కాడు, శాంతియు శత్రువే. జీతములిచ్చి మనుష్యులను పెట్టుటకు డబ్బులేక బ్రిటిషువారు వందలకొలది నౌకలను లంగరువేసి మూలబెట్టిరి. అందరికంటె ముందు పోయినది పందెపు గుఱ్ఱము: రేస్‌హార్స్ 1949లో ట్రూన్ రేవున తుక్కుక్రింద కోయబడినది. నీటదిగి యేడేండ్లు మాత్రమే.

ఆ 1949లోనే మన దేశము ఆ మిగులు నౌకలవైపు చూచినది. స్వాతంత్ర్యము వచ్చినప్పుడు మనకు మిగిలినవి చిన్న నౌకలు. 1948లో ఎకిలీస్ అను క్రూయిజరును కొని ఢిల్లీ యని పేరుపెట్టిరి గాని, దొర యొక్కడే వెళ్లిన ఊరేగింపువలె, దాని వెంట పోవుటకు డిస్ట్రాయర్లు లేవు. కావున రోథర్‌హామ్, రైడర్, రిడౌట్‌లను కొని వరుసగా రాజ్‌పుత్, రాణా, రణజిత్ అని నామకరణము చేసిరి. ఆంగ్లాక్షరము పోక, మన రకారముగా మారి అట్లే నిలిచినది. పేరు పెట్టినవారెవరో గాని చమత్కారులని ఒప్పుకొనవలెను. అప్పటికి మనము గణతంత్రము కానందున, అవి మొదట బ్రిటిషు రాజు నౌకలుగానే లెక్కకు వచ్చి, 1950 జనవరి 26 తరువాతనే భారత నౌకలైనవి. ఆ మూటిని కలిపి పదునొకండవ డిస్ట్రాయరు దళమనిరి. నాలుగేండ్లకు ఇంకను చిన్నవి మూడు వచ్చినప్పుడు వానికి గోదావరి, గోమతి, గంగ యని నదుల పేర్లు పెట్టిరి.

1950వ దశకమున మన నావికాధికారులు డిస్ట్రాయరు నడుపు విద్య నేర్చినది ఈ పాతనౌకలపైననే. సంపన్న గృహస్థుని కుమారుడు క్రొత్తబండిపై అభ్యసించును. మనవాడు పినతండ్రి విడిచిన సైకిలుపై నేర్చుకొనును. పడి లేచుటలో మాత్రము భేదము లేదు.

ఇంగ్లండున మిగిలిన నాలుగింటికి వేరొక విధముగా పునర్జన్మ కలిగినది. యుద్ధాంతమున జర్మనులు నీటిలోపల 17 నాట్ల వేగముతో పోగల క్రొత్తరకము జలాంతర్గామిని కనిపెట్టిరి. ఆ విద్య రష్యావారి చేత చిక్కినది. పాత ఫ్రిగేటులు దానిని తరుమలేవు. కావున వేగముగల డిస్ట్రాయర్ల దేహమును మాత్రము ఉంచుకొని, పైనున్న దానిని నున్నగా గొరిగివేసి, అల్యూమినియముతో క్రొత్త కట్టడము లేపి, జలాంతర్గాములను వేటాడు ఆయుధములు అమర్చిరి. ఈ చికిత్స మొదట చేయించుకొన్నవి రాకెట్, రిలెంట్‌లెస్. తరువాత రాపిడ్, రోబక్. వీనిలో రాకెట్ 1967లోను, రోబక్ 1968లోను, రిలెంట్‌లెస్ 1971లోను తుక్కైనవి.

రాపిడ్ మాత్రము యంత్రవిద్య నేర్చు కుఱ్ఱవాండ్రకు పాఠశాలగా రోసైత్‌లో మిగిలియుండెను. 1971 జూలై 6వ తేదీన ఫోర్త్ అఖాతమున ఒక వింత జరిగినది. బ్రిటిషు నౌకాదళమున మిగిలిన అతిశీఘ్రగామి యెవరో తేల్చుటకై రాపిడ్‌ను, యుద్ధకాలమున పుట్టిన మరియొక డిస్ట్రాయరగు కావలియర్‌ను, పందెమునకు నిలిపిరి. 64 మైళ్లు, రెండు గంటలు, నూనెపొగలు మింటికెగయ రెండు ముసలినౌకలును ప్రక్కప్రక్కన 31 నాట్లకు మించిన వేగమున పరుగిడినవి. కుఱ్ఱ ఇంజనీర్లు బాయిలర్లను ఎంత ఉసిగొల్పిరో గాని, తుదకు రాపిడ్ బాయిలరు ఆవిరి పట్టలేక సేఫ్టీవాల్వు ఎగిరి, ఆ క్షణపు తొట్రుపాటున కావలియర్ 30 గజములు ముందుకు పోయినది. 64 మైళ్ల పందెమునకు 30 గజముల తేడా! ఇరువది తొమ్మిదేండ్ల యంత్రము వేగమున ఓడలేదు, ఊపిరి నిలుపుకొనుటలో ఓడినది.

అదే సంవత్సరము డిసెంబరులో దాని యక్కకు విశాఖపట్టణమున వేరొక పరీక్ష వచ్చినది.

పాకిస్తానువారికి బంగాళాఖాతము వరకు వచ్చి తిరిగిపోగల జలాంతర్గామి ఘాజీ యొక్కటే. అదియు పరాయి సొత్తే. అమెరికాలో డయాబ్లో యను పేర పుట్టి, 1960వ దశకమున అరువుగా కరాచి చేరినది. దాని లక్ష్యము మన విమానవాహక నౌక విక్రాంత్. 1971 నవంబరు నడిమి దినములలో జఫర్ మహమ్మద్ ఖాన్ అను కమాండరు నాయకత్వమున అది కరాచి విడిచినది. విక్రాంత్‌కు ఒక బాయిలరు బీటవారి వేగము తగ్గియున్నందున ఎదురుపడిన తప్పించుకొనుట కష్టము. అందుచే తూర్పు నౌకాదళపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను అండమానులలో నిర్జనమైన యొక రేవున దాచి, అది విశాఖపట్టణముననే యున్నదని శత్రువు నమ్మునట్లు నాటకము కట్టెను. ఆ నాటకమున విక్రాంత్ వేషము దొరికినది రాజ్‌పుత్‌నకు. వేషగాని ఎన్నికలో ప్రత్యేకార్హత ఏమనిన, అది సేవనుండి విరమింపబోవు నౌక. పోయినను పెద్దగా నష్టము లేదు. ఇంత నిష్ఠురముగా ఎవరును వ్రాయలేదు గాని, యుద్ధకాలపు లెక్కలు ఇట్లే యుండును.

నాటకము కట్టిన విధము ముచ్చటగా నున్నది. రాజ్‌పుత్ సముద్రముమీదికి 160 మైళ్లు పోయి, పెద్దనౌక పంపునట్లు రేడియోలో వార్తలమీద వార్తలు కురిపించినది. వేయిమంది తినునంత మాంసము, కూరగాయలు కావలెనని కాంట్రాక్టర్లకు పురమాయింపులు వెళ్లినవి. విక్రాంత్ నావికుడొకడు, జబ్బుపడిన తన తల్లి యెట్లున్నదో తెలుపుడని సంకేతము లేని తంతి పంపినట్లు కూడ కల్పించిరి. సైన్యరహస్యమును సముద్రముపై చాటింపు వేయుటకు తల్లి జబ్బు కంటె నమ్మదగిన సాకు మరియేమున్నది? కూరగాయల లెక్క వలన శత్రువు మోసపోయెనో, తల్లిప్రేమ వలన మోసపోయెనో గాని, ఘాజీ విశాఖ ముంగిటికి వచ్చిన మాట నిజము.

డిసెంబరు 3వ తేదీ సాయంకాలము యుద్ధము ఆరంభమైనది. ఆ రాత్రి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నూనె నింపుకొని అర్ధరాత్రికి ముందే రాజ్‌పుత్‌ను రేవు వెలికి నడపెను. విశాఖ రేవు తెలిసినవారికి ఆ దారి తెలియును: యారాడ కొండ ప్రక్కగా ఇరుకు కాలువ, అందునుండి పోవు నౌక ఇటునటు మరలలేదు, తుపాకి గొట్టమునుండి గుండు వెడలినట్లు ఒక్క దిక్కుననే వెడలవలెను. దీపములన్నియు ఆర్పివేయబడినవి. శత్రువు కాచుకొని యుండదలచినచో ఇంతకంటె మంచి చోటు లేదని తోచి, నాయకుడు పైలటును దింపిన వెంటనే పూర్ణవేగమునకు ఆజ్ఞాపించెను. కొంతదూరము పోవునప్పటికి ముందర అర మైలు దవ్వున నీరు అసహజముగా కలగబడుట కావలివాని కంటబడినది. నౌక అటు మళ్లినది. రెండు డెప్త్ ఛార్జీలు విడువబడినవి.

ఆ డెప్త్ ఛార్జి చూచుటకు కిరసనాయిలు పీపావలె నుండును. లోపల సుమారు మూడువందల పౌనుల మందు, నడుమ నొక గొట్టము. ఎంత లోతున పేలవలెనో నావికుడు తాళపుచెవి వంటి దానితో త్రిప్పి నిర్ణయించును. నీట పడినపిమ్మట సన్నని రంధ్రముగుండ నీరు లోపలికి చొచ్చి, లోతు పెరిగినకొలది ఒత్తిడి హెచ్చి, నిర్ణీతమైన లోతున మందు అంటుకొనును. లోపల నున్న మెదడంతయు నీటి బరువే. ఆ రాత్రి అర్ధరాత్రి దాటిన పావుగంట ప్రాంతమున సముద్రములో పెనుప్రేలుడు వినబడి, తీరమున నిండ్ల కిటికీలు గడగడలాడినవి. ప్రొద్దున జాలరులు తేలియాడు శకలములను తెచ్చి చూపిరి. నిస్తార్ నౌకనుండి గజ ఈతగాండ్రు దిగి, అడుగున ఘాజీ కళేబరమును గుర్తించిరి. అందున్న తొంబదిమందికి పైబడిన నావికులలో ఒక్కడును మిగులలేదు.

అది ఎట్లు మునిగినదను విషయమున ఏకాభిప్రాయము లేదు. రాజ్‌పుత్ దెబ్బకే యని కృష్ణన్ తన గ్రంథమున వ్రాసెను. తాను పరచిన మైనులకు తానే బలియైనదని పాకిస్తానువారందురు. లోపల బ్యాటరీలనుండి పుట్టిన వాయువు పేలెనని గాని, టార్పెడోలు పేలెనని గాని తలచువారు మన నౌకాదళముననే కలరు. వైస్ అడ్మిరల్ హీరానందాని మన నౌకాదళ చరిత్రమును వ్రాయుచు ఈ వాదములను నిదానముగా పరిశీలించెను. నా మట్టుకు, ఆ రెండు పీపాలు తగిలినవో లేదో తేలకపోయినను రాజ్‌పుత్ గౌరవమునకు కొరత లేదనియే తోచుచున్నది. ఘాజీని ఆ రేవు ముంగిటికి రప్పించినది దాని వేషమే. ఆ వేషము వలన విక్రాంత్ దక్కినది. కావలికుక్క పని అంతియే.

యుద్ధము ముగిసిన పిమ్మట వేషగానికి వేరు మర్యాద ఏమియు జరుగలేదు. రాజ్‌పుత్, రాణాలు 1976లో తుక్కుగా పోయినవి. రణజిత్ 1979లో పోయినది. పందెమున ఓడిన రాపిడ్‌ను 1981లో బ్రిటిషువారు గురిపెట్టు లక్ష్యముగా సముద్రమున నిలుపగా, ఓనిక్స్ అను వారి జలాంతర్గామియే టార్పెడోతో దానిని ముంచినది. ఎనిమిదింటిలో శత్రువు ముంచినది ఒక్కటియు లేదు. రాపిడ్‌పై గెలిచిన కావలియర్‌ను మాత్రము చాథమ్ రేవున ప్రదర్శనశాలగా నిలిపినారు. 30 గజముల దూరమున ఒకదానికి సమాధియు, ఒకదానికి సింహాసనమును దొరికెను.

పేర్లు మాత్రము వ్యర్థము కాలేదు. సోవియట్ వారు కట్టిన క్రొత్త రాజ్‌పుత్ 1980 మే 4వ తేదీన నల్లసముద్రతీరమునందలి పోతి రేవున మన జెండా ఎగురవేసినది. దాని మొదటి కెప్టెను, పైన చెప్పిన హీరానందానియే. ఘాజీ కథను తరువాతి కాలమున అంత జాగ్రత్తగా విచారించిన వాని చేతికే ఆ పేరుగల నౌక వచ్చుట యాదృచ్ఛికమే యైనను, నాకు ముచ్చటగా తోచును. రాణా, రణజిత్ పేర్లును అట్లే తిరిగివచ్చినవి. ఆ రెండవ రణజిత్ 2019లోను, రెండవ రాజ్‌పుత్ 2021 మే 21వ తేదీనను విశాఖపట్టణముననే జెండా దింపుకొన్నవి. మహమ్మారి దినములగుటచే రెండవదానికి బంధువులు, బాజాలు లేకుండ కొలదిమంది సమక్షమున వీడ్కోలు జరిగినది.

మొదటి రాజ్‌పుత్ ఇనుము కరగి ఏ యింటి దూలమైనదో, ఏ వంతెన కమ్మియైనదో చెప్పువారు లేరు. దాని చేత చిక్కినదో, తన చేతనే చచ్చినదో తేలని ఘాజీ మాత్రము, తన మనుష్యులతో కూడ, విశాఖ రేవునకు కొలది మైళ్ల దూరమున సముద్రపుటడుగున నేటికిని ఉన్నది.